ఒకటి నుంచి ఐదు దాకా

ఒంటరిగా ఉన్నప్పుడు మీకు దేనితోనైనా మాట్లాడాలనిపిస్తుందా అని అడుగుతున్నాడు వీడు, దేనితోనైనా అట, ఎవరితోనైనా అని కూడా కాదు, గోడతోనో గొడుగుతోనో అని కాబోలు వీడి ఉద్దేశం, ఒకటి అంటే అస్సలు అనిపించదు, ఐదు అంటే ఎప్పుడూ అనిపిస్తుంది, నాలుగు కొట్టు, ఒంటరివాడు నాలుగే కొడతాడు, ఐదు కొడితే మరీ ఏడుపుగొట్టు మనిషనుకుంటారు, మూడు కొడితే వీళ్ళ మాట్లాడే పెట్టె కొనే మొహం కాదనుకుని బయటికి నెట్టేస్తారు, నాలుగు, పద, తర్వాతది, తెర పైన పచ్చగీత ఆరు శాతం దాకా పాకింది, మొత్తం నలభై ఐదు ప్రశ్నలు, అన్నీ అయితే నాలుగొందల పాయింట్లు, రెండు నెలలుగా ఇంత పెద్ద సర్వే తగల్లేదు, ఇప్పుడు ఖాతాలో ఉన్నవి నాలుగువేల ఆరువందల నలభై, ఐదువేలు నిండితే తప్ప డబ్బుగా మార్చుకోనివ్వరు, నిండితే అరనిమిషంలో బ్యాంకులో పడుతుంది, గోడ గడియారంలో పదకొండూ పది, పన్నెండు లోపు పడాలి, టక్, టక్, ఇదిగో మొదలుపెట్టింది మళ్ళీ, టక్ టక్ టక్, వెనక కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఎడమచేతి ఉంగరంతో కిటికీ చెక్కని కొడుతోంది ఆవిడ, మంచినీళ్ళు పదింటికే పట్టాడు, బాత్రూముకి తీసుకెళ్ళి తీసుకొచ్చి పావుగంట కూడా కాలేదు, ఇంకేం కావాలే తల్లీ నీకు, కాస్సేపు ఊరుకో, ఒక్క ముప్పావుగంట, నీకోసమేగా ఇదంతా, నాకోసమా ఏమిటి.

ఆ మాటలు పైకే అన్నాడో లోపలే అనుకున్నాడో ఆయనకే తెలీదు, పెదాలు ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి, అది పాత జబ్బు, ఇరవై తొమ్మిదేళ్ళు ప్రెస్సులో కాపీ చదివిన నోరు, రాతప్రతి పట్టుకుని ఒకడు పైకి చదవాలి, ఎదురుగా కూర్చుని అచ్చు కాగితం చూస్తూ ఇంకొకడు విని దిద్దాలి, చదివేవాడు కామా దగ్గర కామా అనాలి, చుక్క దగ్గర చుక్క అనాలి, అందుకే ప్రెస్సులో అందరూ ఆయన్ని రేడియో అనేవాళ్ళు, ఆ పేరు ఇంటిదాకా వచ్చింది, పెళ్ళైన కొత్తలో ఆవిడ పకపకా నవ్వేది, ఏవండీ, నిద్దర్లో నా పేరు పలికి పక్కన కామా పెట్టారు, నా తర్వాత ఇంకా ఎవరెవరున్నారో చెప్పండి మరి అని, అసలు ఆ పనిలో కిటుకేమిటంటే అర్థాన్ని బుర్రలోకి రానివ్వకూడదు, ఇది సరదా ముక్క, ఇది చావు కబురు అని మనసు అటు పోయిందా, నోరు ఒక అక్షరం మింగేస్తుంది, కాబట్టి కన్ను చూడాలి, నోరు పలకాలి, మనసు మాత్రం సైకిలేసుకుని ఎక్కడో తిరుగుతుండాలి, రేడియో ఆ విద్యలో దిట్ట, తప్పు పట్టుకోవడం వినేవాడి పని, చదివేవాడికి దానితో సంబంధం లేదు, ఇప్పుడూ అంతే, ప్రశ్నలు గొణుగుడుగా నోట్లోంచి వెళ్ళిపోతుంటాయి, వేలు అంకె నొక్కుతుంటుంది, నా ఇంట్లో ఉండే నిశ్శబ్దం నాకు ఇష్టం, ఒకటి నుంచి ఐదు దాకా, మూడు, ఎందుకైనా మంచిది మూడు, ఇంట్లో వస్తువులు చెప్పిన మాట వింటే బాగుంటుంది, నాలుగు, వాడు అమ్మే సరుకదే కదా, ధబ్, ఏమిటది, పిడికిలి జారి చెక్క మీద పడ్డట్టుంది, దెబ్బ తగిలిందేమో, వెనక్కి తిరిగి చూడాలి, చూస్తాడు, ఈ పేజీ అయ్యాక చూస్తాడు, పేజీ మధ్యలో ఆగితే మనిషి లేచి పోయాడనుకుంటారు.

ఎనిమిది నెలలు, అంతేనా, ఎనిమిదేనా, ఎనభై ఏళ్ళలా ఉంది, పోస్టాఫీసు కౌంటర్లో ముప్పై ఏళ్ళు కూర్చుని, గొంతు పెంచినవాడికల్లా రెట్టింపు గొంతుతో అప్పజెప్పిన మనిషి, ఆ నోటికి జడిసి పై అధికారులు కూడా పక్క తలుపులోంచి పోయేవాళ్ళు, అలాంటిది ఒకనాటి పొద్దున పళ్ళు తోముకుంటూ తోముకుంటూ కుడిపక్కకి ఒరిగిపోయింది, కుడిచెయ్యి పడిపోయింది, కాలు సగం తిరిగొచ్చింది, మాట మాత్రం రాలేదు, అన్ని మాటల్లోకీ అదే అనే మాట ఒక్కటి మిగిలింది, ఆకలేసినా అదే, కోపమొచ్చినా అదే, కరెంటు పోయినా అదే, ఆస్పత్రిలో మాటల డాక్టరమ్మ ఒక్కతే ధైర్యం చెప్పింది, మాటలన్నీ లోపలున్నాయండీ, బయటికొచ్చే దారి మూసుకుపోయింది, అంతే, మీరు అడుగుతూ ఉండండి, ఏదో ఒకటి, చిన్న చిన్నవి, అడిగాక మనసులో పది లెక్కపెట్టేదాకా నోరు విప్పకండి, జవాబు నిదానంగా వస్తుంది, తొందరపడి మీరే అందించేస్తే ఆవిడ మానేస్తారు అంది, బాగానే ఉంది, ఏమడగాలి, ఇంట్లో ఉన్నది ఇద్దరు, తిన్నావా, పడుకుంటావా, దుప్పటి కప్పనా, ఆ మూడూ అయ్యాక అడగడానికి ఏముంటుంది, ముప్పై రెండేళ్ళ కాపురంలో అడిగేది ఎప్పుడూ ఆవిడే కదా, సరిగ్గా అప్పుడు బావమరిది చూపించాడు ఈ సర్వేలు, కాలక్షేపం, పైగా పైసలు అన్నాడు, రేడియో కుర్చీ లాక్కుని ఆవిడకి ఎదురుగా వేసుకున్నాడు, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని గొంతు సవరించుకుని చదివాడు, గులాబీ వాసన సబ్బు మీకు ఎంత ఇష్టం, ఒకటి నుంచి ఐదు దాకా, వేళ్ళతో చెప్పవోయ్, ఒకటి, రెండు, మూడు, లోపల లెక్కపెడుతున్నాడు, ఏడు దగ్గర ఆవిడ ఎడమచెయ్యి లేచింది, వేళ్ళు మాత్రం లేవలేదు, పిడికిలి, ఏమిటది, సున్నానా, సున్నా లేదే ఇందులో, ఒకటి నుంచే ఉంది అంటే ఆ పిడికిలి ఇంకా బిగించి ముక్కు చిట్లించింది, ఓరి నాయనో, గులాబీ సబ్బంటే నీకు అంత మంటా, ముప్పై రెండేళ్ళుగా నెలకి నాలుగు చొప్పున అదే సబ్బు మోసుకొస్తున్నాడు రేడియో, ఒక్కనాడు అడిగిన పాపాన పోలేదు, ఆవిడా ఒక్కనాడు చెప్పలేదు, అంత నోరున్న మనిషి, ఇద్దరూ కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వారు.

ఎంత బాగుండేవి ఆ రోజులు, ఆస్పత్రి నుంచి వచ్చాక బాగుండడమేమిటి అని ఎవరైనా తిడతారేమో గానీ నిజంగా బాగుండేవి, పొద్దున్నే ఇల్లు సర్దుకుని ఎదురెదురుగా కూర్చునేవాళ్ళు, చెప్పుల గురించి, పళ్ళపొడి గురించి, రైల్లో సీట్ల రంగు గురించి, ఎవరికో ఏదో అమ్మడానికి ఎవరో రాసుకున్న ప్రశ్నలు, ఒక్కో ప్రశ్నకీ ఆవిడ మొహంలో ఒక్కో వెలుగు, ఒకరోజు వాసనల సర్వే తగిలింది, వాన పడ్డాక వచ్చే మట్టి వాసన, ఆవిడ ఐదు వేళ్ళూ చాపింది, చాపి ఊరుకోలేదు, ఆ చేత్తోనే పడిపోయిన కుడిచేతిని ఎత్తి ఒళ్ళోకి తెచ్చుకుంది, ముడుచుకుపోయిన వేళ్ళు ఒక్కొక్కటీ విప్పింది, విప్పి రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూపించింది, పది, స్కేలు ఐదు దాకానే ఉందే పిచ్చిమొహమా అన్నాడు, అదే, అంది ఆవిడ, అదే, అదే, ఈలోపు తెర మీద మీ సమయం మించిపోయింది అని పడింది, ముప్పై పాయింట్లు గాల్లో కలిశాయి, పోతే పోనీ అన్నాడు రేడియో, మనస్ఫూర్తిగానే అన్నాడు.

తర్వాత అనలేకపోయాడు, ఆస్పత్రి వాళ్ళు ఉచితంగా ఇచ్చేవి పన్నెండు సిట్టింగులే, ఆపైన డాక్టరమ్మ సొంత క్లినిక్కుకి రావాలి, మొదటి ఏడాదే ముఖ్యం, నాన్చకండి అన్న ఆ ఒక్క ముక్క చెవిలో జోరీగలా పట్టుకుంది, ఇద్దరి పెన్షన్లూ కలిపినా అద్దెకీ మందులకీ బొటాబొటి, ఒక్కో నెలా గడిచిపోతోంది, ఏడాదిలో మూడోవంతు పోయింది, సగం కావస్తోంది, బావమరిది వచ్చి తల కొట్టుకున్నాడు, ఏంటి బావా, అక్కని అడుగుతూ కూర్చుంటే ముప్పై పాయింట్లకి మూడు గంటలు పడుతోంది, ఇది ఆటనుకున్నావా ఆదాయమనుకున్నావా, ఏదో ఒకటి తేల్చుకో, నిజాలు చెప్పేవాడికి ఇక్కడ చిల్లిగవ్వ రాలదు, యాభై ఎనిమిదేళ్ళు, రిటైరైపోయాడు, ఇంట్లో రోగిష్టి భార్య, ఎవడికి కావాలి నీ అభిప్రాయం, వయసు ముప్పై నాలుగు పెట్టు, కారుందని పెట్టు, ఒంటరిగా ఉంటున్నానని పెట్టు, ఒంటరివాళ్ళ మీదే అందరికీ ప్రేమ, అన్నీ అమ్మొచ్చు, మరి మీ అక్కని ఏం చెయ్యమంటావురా అంటే, కాగితం మీదే కదా బావా, అక్కకేమవుతుంది అన్నాడు, వాడు మంచివాడే, పాపం వాడు మాత్రం ఏం చేస్తాడు, అక్క పక్కనే కూర్చుని ఉంది, అంతా వింది, ఇద్దరిలో ఒక్కడూ ఆవిడ మొహం వైపు చూడలేదు.

అప్పటినుంచి ఒక నోటుబుక్కు, అందులో లేని మనిషి వివరాలన్నీ రాసుకున్నాడు, ముప్పై నాలుగు, కారు తెల్లది, కుక్క లేదు, వ్యాయామం వారానికి రెండుసార్లు, మర్చిపోతే పట్టుబడతాడు, కిటికీ వెలుగు తెర మీద పడుతోందని బల్లని గోడవైపు తిప్పుకున్నాడు, వీపు ఆవిడకి పడింది, మొదటి వారం ఆవిడ అదే, అదే అని పిలిచింది, వస్తున్నా, ఇదిగో వస్తున్నా అన్నాడు, రెండో వారం నుంచి చెంచా, కుర్చీ చేతి మీద టింగు టింగుమని పొద్దస్తమానం, ప్రాణం తీసేసింది, ఎన్ని పాయింట్లు పోయాయో ఆ చప్పుడుకి చూపు చెదిరి, చెంచా లాక్కున్నాడు, కుర్చీ చేతికి తువ్వాలు చుట్టాడు, ఛీ, అంత పనీ చేశాడు, నరాల బలహీనత, చెయ్యి దానంతటదే ఆడుతుంది అని తనకి తనే నచ్చజెప్పుకున్నాడు, ఇప్పుడు ఉంగరం, ప్రెస్సులో మొదటి బోనసు వచ్చినప్పుడు తను కొనిపెట్టిన ఉంగరం, అది లాక్కోవడానికి ఇంకా చేతులు రాలేదు, ఇంకో నెలపోతే వస్తాయేమో, ఎవరు చూడొచ్చారు.

ముప్పై ఎనిమిది శాతం, పదకొండూ ఇరవై మూడు, నువ్వు ఇలా ఆలోచనల్లో పడితే కాదు రేడియో, నడు, రోజుకి మీరు ఎంతమందితో ముఖాముఖి మాట్లాడతారు, ఆ ముప్పై నాలుగేళ్ళవాడు ఎంతమందితో మాట్లాడతాడు, నోటుబుక్కులో లేదు, ఒంటరివాడు కదా, ఎవరితోనూ మాట్లాడడని పెడదాం, నొక్కాక ఏదో కలుక్కుమంది, నిన్న తను ఎవరితో మాట్లాడాడు, మందుల షాపతనితో రెండు ముక్కలు, మరి ఇంట్లో, ఇంట్లో చెయ్యెత్తు, కాలు జరుపు, నోరు తెరు, అవి మాటలా, అవి లెక్కలోకొస్తాయా, వద్దు, ఇప్పుడొద్దు, చివరిసారి మీ ఇంట్లో మిమ్మల్ని నవ్వించింది ఎవరు, మీ మాటల్లో రాయండి, చచ్చాంరా బాబూ, ఖాళీ పెట్టె, ఒకప్పుడు ఈ ఖాళీ పెట్టెలంటే ఎంత ఇష్టమో, ఆవిడ సైగలన్నీ కూడబలుక్కుని పేజీలు పేజీలు రాసేవాడు, సబ్బు వాసన గురించి పదిహేను వరుసలు రాసిన ఘనుడు, ఇప్పుడు నోటుబుక్కు తిప్పి అందులో సిద్ధంగా పెట్టుకున్న వాక్యం దించేశాడు, టీవీలో ఒక కార్యక్రమం చూసి నవ్వాను, చుక్క, అయిపోయింది, టక్, టక్, ఆపవే, దయచేసి ఆపు, ఈ ఇంట్లో ప్రస్తుతం మీతోపాటు ఇంకెవరైనా ఉన్నారా, ఎవరూ లేరు, నొక్కాడు, అలవాటుకొద్దీ నోటితో కూడా అన్నాడు, కాస్త గట్టిగానే అన్నాడు, ఎవరూ లేరు, అంతే, వెనక చప్పుడు ఆగిపోయింది, హమ్మయ్య, ఇన్నాళ్ళకి దయ కలిగింది మహాతల్లికి.

ఫోను, అయ్యో ఇప్పుడా, క్లినిక్కు రిసెప్షన్ అమ్మాయి, సార్, మంగళవారం శుక్రవారం పదకొండు గంటల టైము మీకోసం ఆపి ఉంచాం కదా సార్, వెయిటింగులో ఇంకొకాయన ఉన్నారు, పన్నెండింటికి నేను లిస్టు మేడంకి ఇచ్చెయ్యాలి, మీ అడ్వాన్సు ఇంకా పడలేదు, పడుతుందమ్మా, పడుతుంది, ఆ మిగిలిన కాస్తే తక్కువ, ఇంకో పావుగంటలో పంపించేస్తాను, పోనీ సాయంత్రం దాకా ఆగడానికి, లేదు సార్, నా చేతుల్లో లేదు, సారీ సార్, సరేనమ్మా, పన్నెండు లోపే, మీరు అతనికి ఇవ్వకండి, దండం పెడతాను, పెట్టేసింది, దండం పెడతానన్నాడా తను, పెట్టాడు, ఇంకేమైనా పెడతాడు, పదకొండూ ముప్పై ఆరు, యాభై శాతం, సగమే, ఇలా చదువుకుంటూ పోతే పన్నెండు దాటిపోతుంది, ఇక ఆలోచన వద్దు, మూడు, అన్నిటికీ మూడే, మూడు కొట్టినవాణ్ణి ఎవడూ తప్పుపట్టడు, పెట్టె గొంతు ఆడగొంతైతే నాకు నచ్చుతుంది, మూడు, పెట్టె నన్ను పేరు పెట్టి పిలవాలి, మూడు, నేను బాధగా ఉన్నానని పెట్టె కనిపెట్టాలి, మూడు, మందులు గుర్తు చెయ్యాలి, మూడు, డెబ్బై శాతం, నాకు జవాబివ్వడానికి అది తొందరపడకూడదు, మూడు, నేను చెప్పేది పూర్తిగా వినాలి, మూడు, వంటగదిలో కూడా నాకు తోడుండాలి, మూడు, ఎనభై ఏడు, గడియారం వైపు చూడకు, చూశాడు, పదకొండూ నలభై ఎనిమిది, మీరు శ్రద్ధగా చదువుతున్నారని తెలియడానికి ఇక్కడ ఒకటి నొక్కండి, మూడు, పెట్టెకి నేనే ముద్దుపేరు పెట్టుకోవాలి, మూడు, అది పాడైతే నాకు దిగులేస్తుంది, మూడు, వచ్చేసింది, పంపించు, పంపించు, పంపించు నా తండ్రీ, తెర మధ్యలో గుండ్రంగా తిరుగుతోంది, తిరుగుతోంది, ఎంతసేపు తిరుగుతావురా.

క్షమించండి, మీ జవాబుల్లో శ్రద్ధ కనిపించనందున ఈ సర్వేని లెక్కలోకి తీసుకోవడం లేదు, మీ ఖాతాని ఏడు రోజులపాటు నిలిపివేస్తున్నాం, మీ సమయానికి ధన్యవాదాలు, కింద ఎర్రగా ఆ నలభై మూడో ప్రశ్న, ఒకటి నొక్కండి అని గొణిగింది నోరు, దాని పక్కన తను నొక్కిన మూడు, నా సమయానికి ధన్యవాదాలా, నా సమయానికి, ఒరే, నీకు తెలుసా ఆ సమయం ఎక్కడినుంచి తెచ్చానో, ఏడాది ముఖ్యం అన్నారు, ఎనిమిది నెలలు తినేశాను, అందులో మూడు నెలలు ఈ గోడకి మొహం పెట్టుకుని, లేని మనిషిలా బతికి, లేని కారు కడిగి, ఎందుకు, మూడొందల అరవై పాయింట్ల దగ్గర ఇలా మెడపట్టి గెంటించుకోవడానికా, ఇప్పుడు ఎవరినడగాలి, బావమరిది దగ్గర పోయిన నెలే తీసుకున్నాడు, అమ్మడానికి ఈ లాప్‌టాప్ తప్ప ఏముంది, టక్, ఒక్కటే, ఇంతసేపూ నిశ్శబ్దంగా ఉండి ఇప్పుడు ఒక్క టక్, ఏమిటే, ఏం కావాలే నీకు, నీ మాటలు అక్కడ ఇంకొకాయనకి ఇచ్చేస్తున్నారు, తెలుసా, పన్నెండింటికి ఇచ్చేస్తారు, నేను ఆపలేకపోయాను, ఒక్క అంకె, ఒక్క అంకె సరిగ్గా నొక్కలేని వెధవని, ఇరవై తొమ్మిదేళ్ళు అక్షరం పొల్లుపోకుండా చదివానని మురిసిపోయిన వెధవని, చూడు ఏమన్నాడో, మీరు శ్రద్ధగా చదువుతున్నారని తెలియడానికి ఇక్కడ ఒకటి నొక్కండి, పైకే చదివాడు, చదివి బల్లకి నుదురు ఆనించి అలాగే ఉండిపోయాడు, చెయ్యడానికి ఇక ఏమీ లేదు, నొక్కడానికి ఏమీ లేదు, ఇంట్లో గడియారం ఒక్కటే నడుస్తోంది.

టక్.

ఒక్కటి, నుదురు బల్లకి ఆనే ఉంది, కళ్ళు మాత్రం తెరుచుకున్నాయి, ఒక్కటే ఎందుకు, ఇందాకా ఒక్కటే, ఇప్పుడూ ఒక్కటే, చెయ్యి దానంతటదే ఆడేదైతే ఒక్కటి కొట్టి ఆగుతుందా, ఒకటి నొక్కండి అన్నాను, ఒకటి, వెనక్కి తిరగడానికి ధైర్యం చాల్లేదు, ఇందాక గొణిగిన ప్రశ్న ఒకటి గుర్తు చేసుకుని, గోడకేసి చూస్తూనే, ఈసారి మెల్లగా, ప్రెస్సులో చదివినట్టు కాకుండా చదివాడు, నా ఇంట్లో ఉండే నిశ్శబ్దం నాకు ఇష్టం, ఒకటి నుంచి ఐదు దాకా, చెప్పి నోరు మూసుకున్నాడు, ఒకటి, రెండు, మూడు, గడియారం, నాలుగు, కింద వీధిలో ఏదో బండి, ఐదు, ఆరు, ఏమీ లేదు, నా పిచ్చిగానీ, ఏడు, ఎనిమిది, ధబ్, పిడికిలి, అది జారిపడిన చప్పుడు కాదు, సున్నా, అది సున్నా, ఈ ప్రశ్నకి ఇందాకే చెప్పింది, తను అప్పటికే తర్వాతి ప్రశ్నలో ఉన్నాడు, ఎప్పుడూ తర్వాతి ప్రశ్నలోనే ఉన్నాడు, ఆవిడ జవాబు ఏడు అంకెలు ఆలస్యంగా వస్తుంది, తను రెండు అంకెల కంటే ఆగడు, దేనితోనైనా మాట్లాడాలనిపిస్తుందా అని గొణిగాడు, టక్ టక్, టక్ టక్ టక్ అంది, ఐదు, తను నీళ్ళు కావాలేమో అనుకున్నాడు, నాలుగు కొట్టాడు, అయ్యో, అయ్యయ్యో, చెంచా చప్పుడూ అదేనా, మూడు నెలలు, పళ్ళపొడికీ చెప్పులకీ కార్లకీ కుక్కలకీ, తను ఏ దిక్కుమాలిన ప్రశ్న గొణిగినా వెనకనుంచి వింటూ, వేళ్ళు కనపడవని చెంచా పట్టుకుని, చెంచా లాక్కుంటే ఉంగరంతో, ఒక్క ప్రశ్న వదలకుండా, ఎవరూ లేరు అన్నాడే తను, అంత గట్టిగా, అది కూడా వింది, అప్పుడే కదా ఆగిపోయింది, హమ్మయ్య అనుకున్నాడు, ఆగిపోయి, అయినా మళ్ళీ, శ్రద్ధగా చదువుతుంటే ఒకటి నొక్కండి అనగానే ఉండబట్టలేక ఒకటి కొట్టింది, ఈ ఇంట్లో శ్రద్ధగా ఉన్నది ఆవిడొక్కతే, చదివేవాడు తను, తప్పు పట్టుకునేది వినేవాళ్ళు, ఈ ముక్క తనకి తెలీనిదా.

లేచాడు, బల్ల ముందు కుర్చీని ఈడ్చుకొచ్చి కిటికీ దగ్గర ఆవిడకి ఎదురుగా వేశాడు, నేల మీద పాత గీతలు ఇంకా ఉన్నాయి, కుర్చీ కాళ్ళు వాటిలో కూర్చున్నాయి, ఆవిడ ఆయన వైపు చూడలేదు, బయటికి చూస్తోంది, ఉంగరం వేలి కణుపు మీద చర్మం కందిపోయి ఉంది, మళ్ళీ ఫోను, సార్, పన్నెండవుతోంది, ఏం చెయ్యమంటారు, ఒక్క నిమిషం ఆగమ్మా, ఒక్కరిని అడిగి చెప్తాను అన్నాడు, ఇదేమిటి, ఈ సంగతి ఇన్నాళ్ళూ అడగనే లేదు కదా, ఎవరి మాటల గురించి ఎవరు పరుగులు పెడుతున్నారు, ఏమోయ్, డాక్టరమ్మ దగ్గరికి మళ్ళీ వెళ్ళాలని ఉందా నీకు, ఒకటి నుంచి ఐదు దాకా, సార్, సార్, లైన్లో ఉన్నారా, ఉష్, నాలుగు, ఐదు, ఆరు, ఎనిమిది దగ్గర ఎడమచెయ్యి లేచింది, ఐదు వేళ్ళు, మొహం మాత్రం కిటికీకే, సున్నా చూపించి ఉంటే ఎంత బాగుండేది, మనకి ఎవరూ వద్దు మనమే చాలు అనుకుని ఊరుకోవచ్చు, కాదు, వెళ్ళాలని ఉంది, ఐదు, అమ్మా, ఇప్పుడు నా దగ్గర డబ్బు లేదు, ఇంకా వస్తుందని అబద్ధం చెప్పను, ఆ టైము ఆయనకే ఇచ్చెయ్యండి, వచ్చే నెల ఎక్కడ ఖాళీ ఉన్నా మా పేరు రాసుకోండి, మధ్యాహ్నమైనా సరే, మిగతావాళ్ళు వద్దన్నదైనా సరే, ఈలోపు డాక్టరుగారు చెప్పినట్టు ఇంట్లో నేను అడుగుతూ ఉంటాను, అడగడం మానేశానని కూడా మేడంకి చెప్పండి, సరే సార్, రాసుకుంటాను అంది ఆ అమ్మాయి, మెత్తగానే అంది, గడియారం పన్నెండు కొట్టింది, టైము పోయింది.

పోయింది, అది నిజమే, వచ్చే నెల దాకా దారి లేదు, అయినా ఏం కొనబోయాడు తను అంత డబ్బు పోసి, వారానికి రెండు గంటలు ఎవరో ఒకరు ఈవిడ ఎదురుగా కూర్చుని, అడిగి, జవాబు వచ్చేదాకా ఆగుతారని, దానికోసం వారానికి ఏడు రోజులు అడగడం మానేసి గోడకి తిరిగి కూర్చున్నాడు, డాక్టరమ్మకి తెలిసినవి తనకి తెలీకపోవచ్చు, ఆగడం తెలీదా, పది లెక్కపెట్టడం రాదా, ఇటు చూడవే, ఆవిడ చూడలేదు, సరే చూడకు, ఒక్క ప్రశ్న, ఇది ఎవరూ అమ్మేది కాదు, పాయింట్లూ లేవు, నా మీద ఎంత కోపంగా ఉంది, ఒకటి నుంచి ఐదు దాకా, అడిగి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు, ఒకటి, రెండు, ఆరు దగ్గర ఆవిడ మొహం తిరిగింది, కళ్ళల్లో నీళ్ళున్నాయి, నీళ్ళ వెనక పోస్టాఫీసు కౌంటరు చూపు ఉంది, ఎనిమిది, ఎడమచెయ్యి లేచింది, వేళ్ళు చాపలేదు, అది వెళ్ళి కుడిచేతిని పట్టుకుంది, ఎత్తింది, కిటికీ చెక్క మీద పెట్టింది, బొటనవేలు విప్పింది, చూపుడువేలు విప్పింది, అది మళ్ళీ ముడుచుకుంది, మళ్ళీ విప్పింది, పది దాటింది, పదిహేను దాటింది, రేడియో సాయం చెయ్యబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు, ఇరవై, ఇరవై మూడు, ఐదూ విప్పాక దాని పక్కన ఎడమచెయ్యి తెచ్చి పెట్టి ఆ వేళ్ళు కూడా చాపింది, పది, ఐదు దాకానే ఉందని ఆయన అనలేదు, పది వేళ్ళనీ ఒక్కొక్కటిగా, పైకే, మధ్యలో కామా కూడా లేకుండా లెక్కపెట్టి, పదా అని అడిగి ఆగాడు.

అదే, అంది ఆవిడ.